ఐదో పేరా

కాగితం మీద నాలుగు తర్వాత ఆరు ఉంది.

సమావేశానికి వచ్చిన తల్లిదండ్రులందరి చేతుల్లోనూ అదే కాగితం ఉంది. అందరూ విషయం చదువుకుంటూ పోతున్నారు. నేను పేరాల ముందున్న అంకెలు చూసుకుంటూ వెళ్లి అక్కడ ఆగాను. ముప్పై ఒక్క ఏళ్లు షిప్‌యార్డు స్టోర్సులో పనిచేసి రిటైరైనవాణ్ణి. సరుకుతో వచ్చిన చీటీల వరస చూడనిదే లారీని వెనక్కి పంపేవాణ్ణి కాదు. వరసలో ఒక చీటీ తగ్గితే అది ఎవరి జేబులోనో ఉన్నట్టే.

అది ఈ ద్వీప నగరంలో, ఆంగ్ మో కియో పేటలో ఒక ఫ్లాట్ల బ్లాకు కింది భాగానికి గోడలు కట్టి నడిపే డే సెంటరు. ప్రత్యేక పాఠశాల వయసు దాటిన వికలాంగులను పొద్దున వ్యానులో తీసుకొచ్చి, సాయంత్రం దాకా చూసుకుని, మళ్లీ ఇళ్లకు చేరుస్తారు. అలా వచ్చేవాళ్లను ట్రైనీలని అంటారు. యీషున్‌లో మా ఇంటి నుంచి మా అమ్మాయి ఎనిమిదేళ్లుగా అక్కడికే వెళ్తోంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడు. మాట రాదు. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. నెలకు రెండు మూడుసార్లు మూర్ఛ వస్తుంది. వ్యాను హారను వినగానే కుర్చీలోంచి లేవాలని చూస్తుంది. ఆమెకు ఇష్టమని మేం ఖాయంగా చెప్పగలిగినవి చాలా తక్కువ. వాటిలో ఆ వ్యాను ఒకటి.

ఆ కాగితం తయారు చేసింది సెంటరు కార్యదర్శి. మన తెలుగువాడే, మా జిల్లావాడే. వయసు ముప్పై అయిదుకు మించదు. కంప్యూటరు చదువులవాళ్లు మనవైపు నుంచి విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఇతను ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తూ, జీతం ఆశించకుండా సెంటరు కమిటీలో చేరాడు. వచ్చిన ఏడాదికే అక్కడి రాతకోతలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాడు. కమిటీలోని చైనీస్ పెద్దలు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. మన తెలుగు సంఘం వేడుకల్లో అతనికి ముందు వరసలో కుర్చీ వేసేవారు. నేను కూడా గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

సమావేశంలో అతను తెర మీద బొమ్మలు వేసి చూపిస్తూ చెప్పిన విషయం ఇది. ప్రభుత్వ విధానం మారింది. సెంటర్లకు ఇచ్చే సాయాన్ని ఇకమీదట తలలు లెక్కపెట్టి ఇవ్వరు. వచ్చేవాళ్లలో ఎంత ప్రగతి కనిపిస్తోందో చూసి ఇస్తారు. ఆరు నెలలకొకసారి సమీక్ష. రెండు సమీక్షల్లో ప్రగతి లేనివాళ్లను నోటీసు ఇచ్చి ఇంటి సంరక్షణకు పంపించవచ్చు. ఈ చివరిది ఆరో పేరా.

మా అమ్మాయికి అప్పటికే ఒక సమీక్ష అయిపోయింది. ప్రగతి దగ్గర సున్నా పెట్టారు.

మా ఆవిడ సభల్లో నోరు విప్పే మనిషి కాదు. ఆ రోజు లేచి నిలబడి, మా పాప చోటు ఉంటుందా బాబూ అని తెలుగులోనే అడిగింది. అతను నవ్వుతూ, అందరికీ అర్థం కావాలని సగం ఇంగ్లీషులో జవాబు చెప్పాడు.

"ఆంటీ, హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసినట్టు, ఇక్కడ సీటు లైఫ్ లాంగ్ పట్టుకుని కూర్చుంటే ఎలా చెప్పండి? బయట వెయిటింగ్ లిస్టు ఉంది."

ఇక్కడి తిండి అంగళ్లలో బల్ల మీద ఏదో ఒకటి పెట్టి చోటు ఆపుకోవడమే చోప్. ముగ్గురు నలుగురు నవ్వారు. వాళ్లవీ అలాంటి పిల్లలే. మా ఆవిడ కూర్చుని, చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్లీ విప్పింది, మళ్లీ మడిచింది. బస్సులో ఇంటికి వచ్చేదాకా మడుస్తూనే ఉంది.

చదువు ముగించిన ఏడు నుంచీ నేను డైరీ రాస్తున్నాను. అమ్మాయి పుట్టాక దానికి ఒక పద్ధతి ఏర్పడింది. రోజుకు నాలుగు వాక్యాలు. ఏం తిన్నది, మూర్ఛ వస్తే ఎన్ని నిమిషాలు, ఒళ్లు ఎలా ఉంది, ఎవరేమన్నారు. ఆ రోజు నాలుగో వాక్యంగా అతని మాట పొల్లు పోకుండా రాసుకున్నాను. కింద ఇంకొక్క ముక్క రాశాను. ఇతన్ని వదలకూడదు.

మర్నాడు పొద్దున్నే ప్రభుత్వ కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఫలానా విధానానికి సంబంధించిన సర్క్యులరు పూర్తి ప్రతి పంపగలరా, నేను ఒక ట్రైనీ తండ్రిని అని మాత్రమే రాశాను. ఫిర్యాదు మాట ఎత్తలేదు. ఎనిమిదో రోజున గోధుమరంగు కవరు వచ్చింది.

ఐదో పేరా మిగతావాటి కంటే పొడుగు. పూర్తిగా ఇతరుల మీద ఆధారపడేవారికి ప్రగతి కొలత వర్తించదని అందులో ఉంది. అలాంటివారిని ఆ కారణంతో సెంటర్లు బయటికి పంపకూడదు. పైగా వారిని చూసుకోవడానికి అదనంగా ఒక సహాయకురాలిని ఇస్తారు. దానికోసం సెంటరు దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తుకు రెండు జతపరచాలి. గడిచిన ఆరు నెలల రోజువారీ నమోదులు ఒకటి. బాధ్యత గల వ్యక్తి ఎవరైనా రెండు వారాలపాటు ట్రైనీ పక్కన కూర్చుని, గంట గంటకూ చేత్తో రాసి సంతకం పెట్టిన పరిశీలన ఇంకొకటి. ఆరో పేరా మొదటి మాటలు 'పై మినహాయింపుకు లోబడి' అని. మాకు పంచిన కాగితంలో ఆ మాటలు కూడా లేవు. కోసినవాడికి అంకె మార్చాలని మాత్రం తోచలేదు.

పనికొచ్చే పేరాను అతను ఎందుకు దాచాడో నాకు వెంటనే అర్థం కాలేదు. అదనపు మనిషి వస్తే సెంటరుకే మేలు కదా. దరఖాస్తుకు ఆరు నెలల నమోదులు కావాలన్న వాక్యాన్ని నాలుగైదుసార్లు చదివాక, బయటపెట్టగలిగిన నమోదులు అతని దగ్గర అసలు ఉన్నాయా అని అనుమానం వచ్చింది.

అతనికి ఫోను చేశాను. మా అమ్మాయి గురించి కంప్యూటరులో ఉన్నదంతా ఒకసారి చూడాలని ఉంది బాబూ, ఇంత గొప్పగా ఎక్కించారట కదా అన్నాను. ఆ పొగడ్త అతన్ని పట్టేసింది. మరుసటి వారం వ్యానుతో పాటు నీలిరంగు ఫోల్డరు వచ్చింది. రోజుకొక వరస చొప్పున ఆరు నెలలవి, చక్కగా అచ్చయి, కింద అతని సంతకంతో. ఏ తండ్రి అడిగినా ఇంత శుభ్రంగా ఏ సెంటరూ ఇవ్వలేదని ఫోనులో తానే చెప్పాడు.

భోజనాల బల్ల మీద ఒక పక్క ఆ ఫోల్డరు, ఒక పక్క నా డైరీ పెట్టుకుని కూర్చున్నాను.

ప్రతి రోజూ ఒకటే రాత. చిన్న సాయంతో పూసలు గుచ్చింది, బాగా తిన్నది, ఉల్లాసంగా ఉంది. మా అమ్మాయి జన్మలో పూస గుచ్చలేదు. స్టోర్సులో ప్రతి అర ముందూ ఒక కార్డు వేలాడేది. కార్డు మీది నిల్వ నెలల తరబడి మారకపోతే ఆ సరుకు కదలలేదని కాదు, ఆ అర దగ్గరికి ఎవరూ వెళ్లలేదని మాకు తెలిసేది. ఇదీ అలాంటిదే. ఎవరూ ఏమీ మార్చకపోతే నిన్నటి వరసే ఇవాళ్టికీ వచ్చి చేరేలా అతను ఏర్పాటు చేసి ఉంటాడు. సెంటరులో మా అమ్మాయిని చూసుకునే అక్కకు ఇంగ్లీషు టైపు రాదు. యాభై దాటిన తమిళ మనిషి. ఆమెను అడిగితే, ఆ కంప్యూటరు గది తాళం తన దగ్గర ఎప్పుడూ ఉండదని చెప్పింది.

ఆ ఆరు నెలల మధ్యలో పదకొండు రోజులు మా అమ్మాయి న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉంది. నేనూ మా ఆవిడా వంతులవారీగా మంచం పక్కన కూర్చున్నాం. ఏడో రోజున డాక్టరు మమ్మల్నిద్దర్నీ బయటికి పిలిచి, మనసు సిద్ధం చేసుకోమన్నాడు. నా డైరీలో ఆ రోజుకు నాలుగు వాక్యాలు లేవు. ఒక్కటే ఉంది. ఫోల్డరులో ఆ తేదీకి ఎదురుగా, చిన్న సాయంతో పూసలు గుచ్చింది, బాగా తిన్నది, ఉల్లాసంగా ఉంది.

నాకు కోపం వస్తే చేతులు చల్లబడతాయి. ఆ మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని కూడా అవి వేడెక్కలేదు.

ఆ పదకొండు రోజుల డైరీ పేజీలు, అవే తేదీల ఫోల్డరు వరసలు, ఆసుపత్రి ఇచ్చిన కాగితం, మూడూ జిరాక్సు తీయించాను. ఒక డైరీ పేజీ, దాని వెనక అతని వరస, మళ్లీ డైరీ పేజీ, మళ్లీ అతని వరస. అలా పేర్చి, పైన ఐదో పేరా పెట్టి, అతని ఇంటికి పోస్టు చేశాను. ఉత్తరం జతచేయలేదు. ఒక్క మాట కూడా రాయలేదు. ఆ కవరు అంటించేటప్పుడు నాకు కలిగిన ఆనందం గురించి అబద్ధం చెప్పను. అతని భార్య ముందు విప్పితే బాగుండునని కూడా అనుకున్నాను.

శనివారం పొద్దున అతను మా ఇంటికి వచ్చాడు. చేతిలో పళ్ల సంచి. మా ఆవిడ తలుపు తీసి, కూర్చోమని చెప్పి, మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మాయి తన కుర్చీలో కిటికీ దగ్గర ఉంది. అతను ఆమె వైపు చూడలేదు.

"అంకుల్, ఇది సాఫ్ట్‌వేర్ ఇష్యూ. డీఫాల్ట్ అలా సెట్ అయిపోయింది. స్టాఫ్ అప్‌డేట్ చెయ్యాలి, చెయ్యలేదు."

ఆ అక్క మీదికి తోస్తున్నాడని తెలిసి, గది తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను. అతను పళ్ల సంచి బల్ల మీద పెట్టాడు.

"మనలో మనం, అంకుల్. ఇది బయటికెళ్తే సెంటర్ పేరు పోతుంది. మన తెలుగువాళ్ల పేరు పోతుంది. మీ పాప సీటుకి నేను గ్యారంటీ. ఎవరూ కదపరు."

"గ్యారంటీ నాకు వద్దు బాబూ. ఐదో పేరా ప్రకారం దరఖాస్తు పెట్టండి."

"పెడతాను. కానీ ఆ రికార్డులు..."

"ఆ ఆరు నెలలవీ నా డైరీ పేజీలు ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టి ఇస్తాను. అవి జతచేయండి. రెండు వారాల పరిశీలన మాత్రం మీరే రాయాలి. పక్కన కూర్చుని, చేత్తో."

"నేనా? నాకు ఆఫీసు ఉంది అంకుల్. ప్రాజెక్టు మధ్యలో ఉన్నాను."

"బాధ్యత గల వ్యక్తి అని రాసి ఉంది. సంతకాలన్నీ మీవే కదా."

ఆఖరికి సరేనన్నాడు. వెళ్లేటప్పుడు చెప్పుల దగ్గర ఆగి, ఆ తర్వాత ఈ కాగితాలు ఎక్కడికీ వెళ్లవు కదా అంకుల్ అని అడిగాడు.

"ముందు మీరు రాయడం కానివ్వండి," అన్నాను.

దాన్ని అతను మాట ఇచ్చినట్టు తీసుకున్నాడు. అలాగే తీసుకుంటాడని నాకు తెలుసు. మనవాళ్లలో పెద్దవాడు అలా అంటే ఒప్పుకున్నట్టే. సిరా, సంతకం అక్కర్లేదు. ఆ అలవాటు మీదే నేను లెక్క వేశాను.

రెండు వారాలు అతను సెలవు పెట్టాడు. రోజూ పొద్దున మా అమ్మాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చునేవాడు. నేను వ్యానులోనే వెళ్లి ఎదురుగా బల్ల మీద కూర్చునేవాణ్ణి. నన్ను రావద్దనే ధైర్యం అతనికి లేదు. మొదటి రోజు పెరుగన్నం అతని చొక్కా మీద పడింది. రెండో రోజు చొంగ తుడవడానికి తువ్వాలు వెతుక్కుని, దొరక్క, తన చేతిరుమాలు వాడాడు. బాత్రూముకు అక్క తీసుకెళ్తుంటే తలుపు బయట నిలబడి గడియారం చూసి రాసుకునేవాడు. మూడో రోజు మూర్ఛ వచ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి అని నేను కూర్చున్న చోటి నుంచే చెప్పాను. లేవలేదు. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ అతన్నే చూశాను. తర్వాత రాస్తుంటే అతని అక్షరాలు వంకర పోయాయి.

నాకు తృప్తిగా ఉండేది. రోజూ ఇంటికొచ్చి, ఇవాళ ఎన్నిసార్లు తువ్వాలు పట్టాడో మా ఆవిడకు చెప్పేవాణ్ణి. మొదట్లో ఆమె కూడా కొంచెం నవ్వింది. తర్వాత వినడం మానేసింది.

మెడలో వేసుకునే ఆఫీసు కార్డు ఒక రోజు తీయడం మరిచి వచ్చాడు. మా అమ్మాయి ఆ తాడు పట్టుకుని లాగింది. అతను విడిపించుకోబోయి, ఆగి, మెడ వంచి కూర్చున్నాడు. ఆమె లాగుతూనే ఉంది, అతను వంగుతూనే ఉన్నాడు. ఆ మర్నాటి నుంచి కావాలనే కార్డు వేసుకొచ్చాడు. రెండో వారంలో చెంచా అతనే పట్టుకున్నాడు. అక్క పెడితే అరగంట పట్టే అన్నం ఇతను పెడితే పావుగంటలో అయిపోయేది. మా అమ్మాయి గట్టిగా నవ్వడం నేను రెండుసార్లు విన్నాను. ఎవరేమన్నారో, ఏం తిన్నదో రోజూ రాసే నేను ఆ నవ్వు సంగతి రాసుకోలేదు.

దరఖాస్తు గడువులోపలే వెళ్లింది. అయిదు వారాలకు జవాబు వచ్చింది. మా అమ్మాయి చోటు ఖాయం. అదనంగా ఒక సహాయకురాలిని ఇస్తారు. ఆ ఉత్తరం నకలు సెంటరులో ఇస్తూ అతను మా ఆవిడకు చేతులు జోడించాడట. ఆంటీ, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అన్నాడట. ఇంటికొచ్చి ఆమె నాతో చెప్పి, ఇక వదిలెయ్యండి అంది.

నేను ఆ మధ్యాహ్నమే పెద్ద కవరు తీశాను. అవే జిరాక్సులు. ఈసారి ఉత్తరం కూడా రాశాను. ఆరు నెలల నమోదులు ఎలా తయారయ్యాయో, మాకు పంచిన కాగితంలో ఏ పేరా కోశారో, కంప్యూటరు గది తాళం ఎవరి దగ్గర ఉండేదో, అక్క ప్రమేయం ఎందుకు లేదో వరసగా రాశాను. ఒక ప్రతి కమిటీకి, ఒకటి ప్రభుత్వ కార్యాలయానికి, ఒకటి మన సంఘానికి. సంఘానికి పంపవలసిన అవసరం లేదు. అయినా పంపాను.

అధికారులు వచ్చి మిగతా ట్రైనీల నమోదులు కూడా చూశారు. అన్నీ అలాంటివే. సెంటరు మూతపడలేదు. అది ముందే ఆలోచించుకున్నాను, ఐదో పేరా కింద మనిషిని మంజూరు చేసిన సెంటరును వాళ్లే మూయలేరు. కార్యదర్శిని మాత్రం కమిటీ తప్పించింది. సంఘం వేడుకకు అతను రాలేదని విన్నాను. ఒక్కసారి ఫోను చేశాడు.

"అంకుల్, మీరు మాటిచ్చారు."

"ఇవ్వలేదు బాబూ. ఆ శనివారం నేను ఏమన్నానో డైరీలో ఉంది. కావాలంటే చదువుతాను."

పాప ఎలా ఉంది అని అడిగాడు. ఫోను పెట్టేశాను.

పాప తినడం మానేసింది. కమిటీ తప్పించాక అతను సెంటరుకు రావడం ఆగిన రోజు నుంచే. దరఖాస్తు వెళ్లిన తర్వాత కూడా అతను వారానికి మూడు నాలుగు మధ్యాహ్నాలు ఆఫీసు నుంచి వచ్చి అన్నం పెట్టి వెళ్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. అక్క నాకు చెప్పలేదు. నాకు చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"పాప సాప్పాడు వద్దంటోంది లా, అయ్యా. చెంచా తెస్తే తలుపు వైపు చూస్తోంది," అంది అక్క ఫోనులో, తన తమిళం, ఇక్కడి యాసా కలిపి.

ఇంట్లో కూడా పాలు తప్ప ఏదీ మింగలేదు. నాలుగో రోజున డాక్టరుకు చూపించాం. ఒంట్లో ఏమీ లేదన్నాడు. ఆరో రోజున మా ఆవిడ అతని నంబరు రాసిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏవండీ, ఒక్కసారి రమ్మనండి. వచ్చి నాలుగు ముద్దలు పెట్టి వెళ్తాడు. ఎవరి మీద సాధిస్తున్నారు ఇప్పుడు?"

నేను ఫోను తీయలేదు. ఆమె చేస్తానంటే వద్దని కూడా అనలేదు. కానీ నేను చేయాలని ఆమె పట్టు. సభలో ఆమెను చూసి నలుగురూ నవ్వేలా చేసిన మనిషిని ఆమే క్షమించేసింది. నేను ఆమె తరఫున కూడబెట్టుకున్న కోపం నా దగ్గరే మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు తెలియలేదు.

కాగితం మూడు రోజులు ఫోను పక్కనే ఉంది. చేస్తే అతను వచ్చి ఉండేవాడే. ఆ సంగతిలో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, కొత్తగా వచ్చిన సహాయకురాలి చేతి మీదుగా పాప ఆరు చెంచాల గంజి తాగిందని అక్క చెప్పింది. ఆ తొమ్మిది రోజుల్లో రెండు కిలోలు తగ్గింది. తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది.

గంజి తాగడానికి ముందు ఎనిమిది రోజుల పేజీలు ఇవాళ మళ్లీ తీసి చూశాను. ప్రతి రోజూ మొదటి వాక్యం ఒకటే: ఏమీ తినలేదు. ప్రతి రోజూ చివరి వాక్యం కూడా ఒకటే: ఫోను చేయలేదు.